కాంతమణి కవల డిస్కు

సికింద్రాబాద్‌లో లష్కర్ బోనాల పండుగ మర్నాడు, సోమవారం పొద్దున ఏడున్నరకు కరెంటు పోయింది. పోవడం వింతేం కాదు. ఆదివారమంతా వీధి వీధికీ కట్టిన లైట్లకూ మైకులకూ ట్రాన్స్‌ఫార్మర్ ఎప్పుడో ఒకప్పుడు చేతులెత్తేస్తుందని అందరికీ తెలుసు. జనరేటర్ అందుకోవడానికి పది సెకన్లు పడుతుంది, ఆ పది సెకన్లు మోయడానికే గోడ పక్కన బ్యాటరీ పెట్టె ఉంది. ఆ రోజు ఆ పెట్టె మోయలేదు. మోండా మార్కెట్ వెనక సందులో ఉన్న తలసీమియా పిల్లల కేంద్రంలో, మెట్ల కింది చీకటి గదిలో, పదకొండేళ్లుగా నడుస్తున్న సర్వర్ టప్పుమని ఆరిపోయింది. అది ఆరిపోయినంత మాత్రాన ఎవరికీ ఏమీ అయ్యేది కాదు, శనివారం సాయంత్రం కాంతమణి ఒక్క పని ముగించుకుని ఇంటికి వెళ్లి ఉంటే.

కాంతమణి మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌లో పుట్టింది. తండ్రిది తెనాలి దగ్గర పల్లె, పార్సిల్ ఆఫీసులో గుమస్తా. తల్లి మిషన్ బడిలో టీచరు. ఆ ఇంట్లో చెప్పులు సైతం ఒకే వరసలో ఉండాలి. అలాంటి ఇంట్లో పెరిగిన పిల్ల ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా చేసి, ఇరవై నాలుగేళ్ల కిందట ఈ కేంద్రంలో రక్తపరీక్షలు చేయడానికి చేరింది. కంప్యూటర్‌ని తను కోరుకోలేదు. ఎవరో దాత సర్వర్ ఇచ్చాడు. పైసా ఖర్చు లేదని అందులో లినక్సు అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేశారు. దాన్ని చూసుకోవడానికి డాక్టర్లకు తీరిక లేదు, మిగతావాళ్లకు ధైర్యం లేదు. "కాంతమణి అయితే నిదానస్తురాలు" అన్నారు. మన ఆఫీసుల్లో ఎవరినైనా అలా పొగిడారంటే పని అంటగట్టబోతున్నారని అర్థం.

బేగంపేట నుంచి జెరెమియాగారని ఒక రిటైరైన ఇంజనీరు రెండేళ్లపాటు ప్రతి గురువారం వచ్చి ఆమెకు ఓపిగ్గా నేర్పాడు. ఆయన చెప్పింది చెప్పినట్టు లాంగ్ నోట్‌బుక్‌లో తెలుగులో రాసుకుంది. 'మౌంట్ అంటే తగిలించడం. తగిలించకపోతే డిస్కులో ఏముందో కనపడదు.' అలాంటివి నూట ఎనభై పేజీలు. ఆయన పోయి ఏడేళ్లయింది. ఇప్పుడు కాంతమణికి యాభై రెండు. సర్వర్‌ని 'నా మిషన్' అంటుంది, అన్నప్పుడు ఆ గొంతులో కాస్త గర్వం వినపడుతుంది. గర్వపడటానికి అర్హత ఉన్న మనిషే, కాదనను.

ఆమెకు ఒక ఆచారం ఉంది. ఏటా డిసెంబర్ ముప్పైన, కేంద్రానికి సెలవిచ్చి కడిగే రోజున, సర్వర్‌ని ఆపి, దాని డిస్కుని అక్షరం పొల్లుపోకుండా మరో డిస్కు మీదికి ఎక్కిస్తుంది. మర్నాటి రాత్రి చర్చిలో ఆరాధనకు కొత్త చీర తీసి పెట్టుకోవడం ఎంత ఖాయమో ఇదీ అంతే. ఎక్కించాక ఆ రెండో డిస్కుని ఫ్లానెల్ గుడ్డలో చుట్టి, మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, ఇనుప బీరువాలో పెడుతుంది. దానికి 'కవల' అని పేరు పెట్టింది. అసలు డిస్కు ఎప్పుడైనా కాలిపోతే కవల ఆదుకుంటుందని ధీమా.

కవల గురించి జెరెమియాగారు ఒకే ఒక్క హెచ్చరిక చేశాడు. ప్రతి డిస్కుకీ లోపల ఒక గుర్తింపు నంబరు ఉంటుంది. పొల్లుపోకుండా ఎక్కించినప్పుడు ఆ నంబరు కూడా యథాతథంగా ఎక్కేస్తుంది. "ఒకే పేరున్న ఇద్దర్ని ఒకే ఇంట్లో పెట్టకమ్మా. పేరు పెట్టి పిలిస్తే ఎవరు పలుకుతారో తెలీదు. పలికినవాణ్ణే నువ్వు పిలిచినవాడు అనుకుంటావు" అన్నాడు. కాంతమణి దాన్ని ఎర్ర సిరాతో రాసుకుని కింద రెండు గీతలు గీసింది.

శనివారం మధ్యాహ్నం డాక్టర్ వసుధ వచ్చి, పోయిన ఏడాది రక్తదాన శిబిరానికి వాడిన ఫారం కావాలంది. అది ఫిబ్రవరిలోనే చెరిపేశారు. కవలలో ఉంటుంది కదా అని కాంతమణి బీరువా తీసి, కవలని సర్వర్‌కి తగిలించి, ఫారం తీసిచ్చింది. నడుస్తున్న మిషన్‌లోంచి డిస్కు లాగడం ఆమెకు భయం. ఐదింటికి వార్డు ఖాళీ అయ్యాక సర్వర్ ఆపి తీసేద్దామనుకుంది. ఐదింటికి చూస్తే బోనాల కోసం పోలీసులు రోడ్లు మూసేస్తున్నారు. ఇప్పుడు బస్సు దొరక్కపోతే యాప్రాల్‌లో ఇంటికి చేరేసరికి తొమ్మిదవుతుంది. సోమవారం పొద్దున్నే మొదటి పని ఇదే అనుకుని సంచి భుజాన వేసుకుంది.

ఆ సర్వర్‌లో ఏముందో తెలిస్తే తప్ప ఇందులో భయం తెలీదు. తలసీమియా పిల్లలకు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, లేకపోతే బతకరు. అన్నిసార్లు పరాయి రక్తం పడితే కొందరి ఒంట్లో ఒక రకం రక్తం మీద పగ పుడుతుంది. దాన్నే యాంటీబాడీ అంటారు. అందులో కొన్ని మహా దొంగవి. ఒకసారి పరీక్షలో దొరికి, మూడు నాలుగు నెలలయ్యేసరికి పరీక్షకు అందకుండా దాక్కుంటాయి. పరీక్షలో రక్తం సరిపోయిందనే వస్తుంది. అది ఒంట్లోకి వెళ్లాక వారానికో పది రోజులకో ఆ పగ నిద్రలేచి, ఎక్కిన కణాలన్నిటినీ పగలగొడుతుంది. మూత్రపిండాలు దెబ్బతింటాయి, ప్రాణమే పోవచ్చు. కాబట్టి ఈ రోజు పరీక్ష ఏం చెప్పిందన్నది చాలదు, ఎప్పుడో దొరికిన సంగతి రాసి ఉండాలి. అది రాసి ఉన్న చోటు ఆ సర్వర్ ఒక్కటే. మరొకటి సీనియర్ టెక్నీషియన్ హరికిషన్ బుర్ర. ఆ బుర్ర ఆ సోమవారం సెలవులో ఉంది, వాళ్లింట్లో బోనాలు.

కరెంటు వచ్చాక కాంతమణి మెట్ల కింద స్టూలు వేసుకుని కూర్చుంది. అటెండరు భద్రయ్య వెనకే నిలబడ్డాడు.

"బ్యాటరీ పెట్టె సుత బంద్ వడ్డది మేడం. నిన్ననే కుయ్ కుయ్ అన్నది. పండుగ అని నేనే పట్టించుకోలే."

"సర్లే, ముందిది లేవనీ" అంది కాంతమణి.

లినక్సు మిషన్ లేచే పద్ధతి వేరు. లేస్తూనే సొంత ఇంట్లో కాలు పెట్టదు. ముందు మెమరీలో ఒక చిన్న అద్దె గదిలాంటి దాంట్లో దిగుతుంది. అక్కడి నుంచి డిస్కుని వెతుక్కుని, తలుపు తీసి, అప్పుడు మూటాముల్లెతో సహా అసలు ఇంట్లోకి మారుతుంది. ఆ మారడాన్ని స్విచ్ రూట్ అంటారు. మారిన మరుక్షణం అద్దె గది మాయమవుతుంది. అన్నీ బాగుంటే ఇదంతా రెండు మూడు సెకన్ల పని, ఎవరి కంటా పడదు.

ఆ రోజు పడింది. తెర మీద అక్షరాలు గబగబా పరిగెత్తి, ఒక చోట ఆగిపోయాయి. స్విచ్ రూట్ ఫెయిల్ అయిందనీ, మారబోయిన చోట ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న జాడ కనిపించడం లేదనీ రాసి ఉంది. కింద ఎమర్జెన్సీ మోడ్ అని, ఒక గీత మిణుకుమిణుకుమంటోంది. మిషన్ అద్దె గదిలోనే చిక్కుకుపోయింది. పదకొండేళ్లలో ఆమె ఈ మాట చూడటం ఇది రెండోసారి.

కంగారు పడలేదు. నోట్‌బుక్ తీసింది. వెతకాల్సిన వరస అందులో ఉంది. డిస్కు కనపడుతోందా? తగిలిందా? తగిలితే లోపల ఏమున్నాయి? అన్నిటికంటే ముందు, తగిలింది ఏ డిస్కు? చేతులు కీబోర్డు మీద పెట్టింది.

"కాంతమణిగారూ!" గుమ్మంలో డాక్టర్ వసుధ. "ఇంకెంతసేపు? పదకొండు మంది పిల్లలు బెడ్స్ మీదున్నారు. ఆ చివరి పాపకి హిమోగ్లోబిన్ ఆరు కూడా లేదు. హరికిషన్ ఫోన్ ఎత్తడం లేదు."

"రెండు నిమిషాలు డాక్టర్‌గారూ."

"ఇందాక కూడా రెండు నిమిషాలే అన్నారు. ఒక్కసారి రీస్టార్ట్ చేసి చూడకూడదా?"

ఆమె వెనకాల వరండాలో బుచ్చమ్మ కనిపించింది. బుచ్చమ్మది యాప్రాల్‌లోనే ఒక అపార్ట్‌మెంట్‌లో ఊడ్చే పని. తల్లీతండ్రీ లేని మనవరాలు శివలీలని చంకనెత్తుకుని తొమ్మిదేళ్లుగా ఇక్కడికి తిరుగుతోంది. ఇప్పుడు ఆ పిల్లకు పదేళ్లు, చంకలో పట్టదు, చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది. బుచ్చమ్మ లోపలికి తొంగిచూసింది.

"కంప్యూటరమ్మా, జెర జల్ది జెయ్యి. పొల్ల పొద్దుగాల సంది తూలి తూలి పడుతున్నది."

పిల్ల పెదాలు తెల్లగా ఉన్నాయి. కాంతమణి మనసు అక్కడే కరిగిపోయింది. వెతకడం మాని రీస్టార్ట్ కొట్టింది. నిదానస్తురాలని పేరున్న మనిషి జీవితంలో తొందరపడింది ఆ ఒక్క నిమిషమే అనుకుంటాను.

ఈసారి మిషన్ లేచింది. ఎక్కడా ఆగలేదు, ఏమీ అడగలేదు, చక్కగా లాగిన్ తెర చూపించింది. భద్రయ్య చప్పట్లు కొట్టాడు. వసుధ "థాంక్యూ, థాంక్యూ" అంటూ వార్డులోకి పరిగెత్తింది. కాంతమణి "స్తోత్రం ప్రభువా" అని కళ్లు మూసుకుంది.

కళ్లు తెరిచాక ఎందుకో కుదురుగా అనిపించలేదు. కరెంటు పోయి ఆరిన మిషన్ లేచేటప్పుడు తన డిస్కుని ఒకసారి తడిమి చూసుకుంటుంది, దెబ్బలేమైనా తగిలాయా అని. ఈసారి అలా చూసుకోలేదు. పైగా మందు వెయ్యకుండా జబ్బెలా నయమైంది? పక్క గదిలో ప్రింటర్ గరగరమంటూ స్లిప్పులు దించుతోంది. ఆ చప్పుడు చెవిన పడగానే ఊపిరి తేలికైంది. రెండు నెలల కిందట చేరిన టెక్నీషియన్ క్యారల్ తలుపులోంచి తల పెట్టి, "ఆంటీ, స్లిప్స్ వస్తున్నయ్, మీరు సూపర్" అని నవ్వింది. అప్పుడు కాంతమణి కూడా నవ్వింది. ఆ నవ్వుని తర్వాత ఆమె చాలాసార్లు తిట్టుకుంది.

స్లిప్పు అంటే చిన్న కాగితం. మీద పిల్ల కార్డు నంబరు, పేరు, గ్రూపు, యాంటీబాడీ ఉందా లేదా. దాన్ని చూసే క్యారల్ బ్యాగు ఎంచాలి. క్యారల్ ఒక్కో కార్డు నంబరు కొట్టడం, స్లిప్పు చింపడం, ఫ్రిజ్‌లోంచి బ్యాగు తీసి పరీక్ష చేసి, సరిపోగానే వార్డుకి పంపడం. తొమ్మిది దాటేసరికి పది మంచాల దగ్గర పది బ్యాగులు వేలాడాయి. కాంతమణి టీ తాగి, ఫ్లాస్కు కడిగి, బ్యాటరీ పెట్టె మనిషికి ఫోన్ చేసి గట్టిగా నాలుగు చీవాట్లు పెట్టింది. కవల సంగతి అప్పుడు గుర్తొచ్చింది. సాయంత్రం తీస్తే సరి అనుకుంది.

పదింటికి పావు ముందు క్యారల్ మళ్లీ వచ్చింది.

"ఆంటీ, ఈ రోసమ్మగారి పాప కార్డు తీసుకుంటలేదు. నాలుగు వందల పన్నెండు. మూడుసార్లు కొట్టిన. నంబర్ లేదంటున్నది."

"తప్పు కొట్టి ఉంటావ్."

"లేదు ఆంటీ, కార్డు చూసే కొట్టిన. నాలుగు వందల ఆరు తర్వాత ఏ నంబరూ లేదు."

కాంతమణి లేచి ల్యాబ్‌లోకి నడిచింది. రోసమ్మ కూతురు చేరింది మార్చిలో. ఆ పేరు ఎక్కించింది తనే. నాలుగు వందల ఆరో నంబరు ఎవరిది? డిసెంబర్‌లో, క్రిస్మస్ వారంలో చేరిన పాప. ఆ ఏడాదికి ఆఖరి పేరు. ఆ తర్వాత నాలుగు రోజులకే కదా తను సర్వర్ ఆపి...

కవల ఇంకా సర్వర్‌కే తగిలి ఉంది. ఒకే పేరున్న ఇద్దర్లో మొదటిసారి అసలుది పలికింది. దెబ్బ తిని ఉంది కాబట్టి లోపలికి రానివ్వలేకపోయింది. రెండోసారి పిలిస్తే కవల పలికింది. ఏ దెబ్బా లేదు కాబట్టే తడుముకోలేదు, నవ్వుతూ తలుపు తీసింది. పొద్దుటి నుంచి కేంద్రమంతా ఏడు నెలల కిందటి ఇంట్లో కూర్చుని ఉంది. తెర మీద తేదీ మాత్రం ఈ రోజుదే.

కాంతమణి పరిగెత్తింది. వార్డు గుమ్మంలో ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినపడింది.

"ఆపండి! అందరివీ ఆపండి! జాబితా పాతది!"

"ఏమంటున్నారు?" వసుధ స్టెతస్కోపు చేత్తో పట్టుకుని నిలబడిపోయింది.

"డిసెంబర్ తర్వాత దొరికిన యాంటీబాడీలు ఆ స్లిప్పుల్లో లేవు డాక్టర్‌గారూ. తప్పు నాది. తర్వాత చెప్తాను, ముందు ఆపండి."

వసుధ ఒక పక్క నుంచి, నర్సు ఇంకో పక్క నుంచి పది గొట్టాలూ బిగించేశారు. తల్లులు లేచి నిలబడ్డారు. ఒకామె ఏడుపు మొదలుపెట్టింది, ఎందుకో తెలియకుండానే. హరికిషన్‌కి మళ్లీ ఫోన్ చేశారు. ఈసారి ఎత్తాడు, కానీ డప్పుల మోతలో "హలో, హలో" తప్ప ఏమీ వినపడకుండానే కట్టయింది.

పేర్లు అసలు డిస్కులోనే ఉన్నాయి, అదేమో పొద్దున లేవలేదు. తెరిచిన బ్యాగులకు నాలుగు గంటలే గడువు, ఆ తర్వాత పారబోయాల్సిందే. పండుగ మర్నాడు వేరే రక్తం ఎక్కడా దొరకదు. కాంతమణి మెట్ల కిందికి వెళ్లి, సర్వర్ ఆపి, కవలని లాగేసి, గుడ్డ కూడా చుట్టకుండా నేల మీద పెట్టింది. మళ్లీ ఆన్ చేసింది. పొద్దుటి మాటే తెర మీదికొచ్చింది. స్విచ్ రూట్ ఫెయిల్. అదే మిణుకు గీత.

ఇప్పుడు ఆమె వరస తప్పలేదు. డిస్కు కనపడుతోంది. తగిలింది. లోపలికి చూసింది. ఉండాల్సిన పెద్ద అరల్లో ఒకటి లేదు, ప్రోగ్రాములన్నీ ఉండే అర. ఇల్లు ఇల్లే అని మిషన్ గుర్తుపట్టేది దాన్ని చూసే. కరెంటు దెబ్బకు దారి తప్పిన దాన్ని మిషనే పొద్దున మరమ్మతు చేసుకుంటూ, పేరూ ఊరూ తెలియని వస్తువులు పడేసే మూలకి తోసేసింది. దాన్ని తీసి పాత చోట పెట్టి, అన్నీ సరిచూసుకుని లేపాలంటే రెండు గంటలు పైనే పడుతుంది.

ఆ క్షణంలో ఆమెకు తట్టిందేమిటంటే, ఇల్లంతా నిలబెట్టక్కర్లేదు, లోపల ఉన్న ఒక్క కాగితం చదివితే చాలు. యాంటీబాడీలున్న పిల్లల పేర్లను రోజూ సాయంత్రం ఆరింటికి ఒక మామూలు ఫైలులో రాసిపెట్టమని మూడేళ్ల కిందట తనే మిషన్‌కి చెప్పింది. హరికిషన్ "నాకు నోటికొచ్చు మేడం, ప్రింటెందుకు?" అంటే ప్రింటు తీయడం మానేశారు. ఫైలు మాత్రం రోజూ పడుతూనే ఉంది. అద్దె గదిలోంచి కూడా ఆ ఫైలుని తెరిచి చదవొచ్చు. చదివింది. నల్లటి తెర మీద తెల్లటి పేర్లు.

"భద్రయ్యా, రాసుకో."

"ఏడ రాయాలె మేడం?"

"ఎక్కడో చోట రాయవయ్యా!"

భద్రయ్య సెలైన్ సీసాల అట్టపెట్టె చింపి, మోకాలి మీద పెట్టుకున్నాడు. ఆమె ఒక్కో పేరూ, నంబరూ, రకమూ చదువుతుంటే చెమటలు కారుస్తూ రాశాడు. ఇరవై ఏడు పేర్లు. ఇరవై మూడో పేరుని కాంతమణి రెండుసార్లు చదివింది. కార్డు నంబరు రెండు వందల అరవై, శివలీల, కిడ్ అనే యాంటీబాడీ, ఆ దొంగ రకాల్లో ఒకటి. దొరికిన నెల ఏప్రిల్.

పది మందిలో తొమ్మిది మందికి ఏ ముప్పూ లేదు. శివలీల మంచం దగ్గర బ్యాగు సగం ఖాళీ అయింది. క్యారల్ మిగిలిన రక్తాన్ని పరీక్షించింది. ఆ పిల్లకు పడకూడని రకమే అందులో ఉంది.

వసుధ ఆ బ్యాగుని గొట్టంతో సహా తీయించింది. "వెళ్లింది వెనక్కి తీయలేం" అంది. "ఏమీ కాకపోవచ్చు. అయితే ఐదో రోజుకీ పదో రోజుకీ మధ్య అవుతుంది. మూత్రం రంగు చూడాలి. రోజూ చూడాలి. నల్ల టీలాగా వస్తే ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. బుచ్చమ్మకి నేను చెప్పనా?"

"నేను చెప్తాను. చేసింది నేను" అంది కాంతమణి.

బుచ్చమ్మ వరండాలో టిఫిను డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కాంతమణి ఎదురుగా నేల మీద కూర్చుని, శనివారం తీయకుండా వదిలేసిన డిస్కు దగ్గర నుంచి మొత్తం చెప్పింది. ఎంత అర్థమైందో తెలీదు. బుచ్చమ్మ ఆమె మొహమే చూస్తూ విని, "ఇగ ఏమైతది బిడ్డా?" అంది.

"పది రోజులు చూడాలి అవ్వా. నేను రోజూ పొద్దున మీ ఇంటికొచ్చి చూస్తా."

"నీ మీద ఇస్వాసంతోటి కండ్లు మూసుకొని కూసునేదాన్ని గదమ్మా" అంది బుచ్చమ్మ. కోపంగా అనలేదు. కోప్పడితే కాంతమణి తట్టుకునేది.

మర్నాటి నుంచి ఆమె రోజూ ఆరున్నరకు అపార్ట్‌మెంట్ వెనక బుచ్చమ్మ గదికి వెళ్లింది. శివలీల ఒక చిన్న ప్లాస్టిక్ సీసా తెచ్చిచ్చేది. కాంతమణి దాన్ని వెలుగుకి ఎత్తి పట్టుకునేది. లేత పసుపు. కళ్లు చూసేది, ఈ పిల్లల కళ్లు ఎప్పుడూ కొంచెం పచ్చగానే ఉంటాయి, వాటిని బట్టి ఏమీ తేలదు. నుదురు ముట్టుకునేది. ఐదో రోజు లేత పసుపు. ఆరో రోజు, ఏడో రోజు కూడా అంతే. ఏడో రోజు ఆమె సీసా పట్టుకుని, "బాగుందమ్మా, చాలా బాగుంది" అని పిల్లను దగ్గరికి తీసుకుని ముద్దు పెట్టుకుంది. బస్సులో కూర్చున్నాక ఆనందంతో ఏడ్చింది. ఇంట్లో ఆ పూట వారం తర్వాత కడుపునిండా తింది.

ఎనిమిదో రోజు మంగళవారం. తొందరగా మెలకువ వస్తే అరగంట ముందే బయల్దేరింది. బుచ్చమ్మ గది తలుపు చేరవేసి ఉంది. వెనక వైపు నీళ్ల చప్పుడైతే అటు నడిచింది. శివలీల స్కూలు డ్రెస్సులో కొళాయి దగ్గర గొంతుక్కూర్చుని ఉంది. చేతిలో ఆ సీసా. అందులో కొళాయి నీళ్లు పట్టి, కాగితం పొట్లంలోంచి చిటికెడు పసుపు వేసి, మూత పెట్టి ఊపుతోంది. కలిసిందా లేదా అని వెలుగుకి ఎత్తి చూసింది, అచ్చం కాంతమణి చూసినట్టే.

పక్కనే గచ్చు మీద, నీళ్లు పోసి ఇంకా పూర్తిగా కడగని చోట, డికాషన్ రంగు మరక కాలువ వైపు పాకుతోంది.

"శివలీలా!"

పిల్ల ఉలిక్కిపడి సీసా వెనక దాచుకుంది. "అవ్వకు చెప్పకు ఆంటీ. అవ్వ రోజు రాత్రి ఏడుస్తది."

"ఎన్నాళ్లనుంచి ఇలా ఉంది? నిజం చెప్పు."

"మొన్న ఐతారం సంది."

కాంతమణి చెయ్యి వేసి చూసింది. పిల్ల నుదురు కాలిపోతోంది. బుచ్చమ్మని లేపి, వసుధకి ఫోన్ చేసి, రోడ్డు మీద కనిపించిన మొదటి ఆటోకి అడ్డం నిలబడింది. ముగ్గురూ ఎక్కారు. బుచ్చమ్మ ఓ మూలకి ముడుచుకుని దేవుళ్ల పేర్లు గొణుగుతోంది. రైలు గేటు వేసి ఉంది. ఆటోవాడు ఇంజను ఆపేశాడు.

శివలీల కాంతమణి భుజానికి తల ఆనించింది. మాట బరువుగా వస్తోంది.

"నిన్న సీస జూసి నువ్వు మంచిగుంది అన్నవ్ గద ఆంటీ. నవ్వినవ్, ముద్దు సుత పెట్టినవ్. నీళ్లు నేనే కలిపిన, నాకు ఎర్కనే. గాని నువ్వు గట్ల అనంగనే, నాకు నిజంగనే మంచిగైందేమో అనుకున్న."

కాంతమణి పిల్ల రెండు చేతులూ పట్టుకుని, గేటు వైపు చూస్తూ కూర్చుంది. రైలు ఇంకా రాలేదు.